తాత షెవర్లే బండి, వెనక ఇరుసు, ఒక లెక్కల పుస్తకం



పోయినసారి మోరప్పూరు–హోసూరు చిన్న రైలు గురించి రాస్తే చాలామంది ఫోన్ చేసినారు. ధర్మపురి నుంచి ఒక అక్క మంచి ప్రశ్న అడిగింది. "రైలు పీకేసినాక మన ఊళ్ళ సరుకు బెంగళూరుకు ఎట్లా పోయింది తమ్ముడూ?" అని. ముప్పై ఆరేళ్ళు రైల్వేలో గుమాస్తాగా ఉండి ఆ ప్రశ్న నేను ఎప్పుడూ వేసుకోలేదు. పట్టాలు పీకితే మా ఆఫీసులో ఫైలు మూసినట్టే. జవాబు మాత్రం మా తాత ఇంటి వెనక కొట్టంలో, టార్పాలిన్ కింద, నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. అది 1951 మోడల్ షెవర్లే అరటన్ను పికప్. ఈసారి దాని కథ రాస్తాను. కొంచెం పొడుగు. కాఫీ పక్కన పెట్టుకొని చదవండి.

ముందు రైలు సంగతి రెండు మాటల్లో. రెండున్నర అడుగుల వెడల్పు చిన్న పట్టాల మీద 1906లో మోరప్పూరు నుంచి ధర్మపురికి, 1913లో హోసూరుకు బండి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1941లో మూసేసినారు. తర్వాత సేలం–బెంగళూరు మీటర్‌గేజి లైను వచ్చేదాకా చాలా ఏళ్ళు మన హోసూరుకు రైలు కూత లేదు. ఆ ఏళ్ళలో మన చింతపండు, రాగులు, కూరగాయలు అన్నీ రోడ్డు మీదనే పోయినాయి. మొదట ఎద్దుల బండి, ఆ తర్వాత మోటారు.

అంతకుముందు రైల్వే వాళ్ళకు మోటారంటే శత్రువు. ఇది నా సొంత మాట కాదు. బస్సులు, లారీలు రైలు ఆదాయం తినేస్తున్నాయని తెల్లదొరల ప్రభుత్వం మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరి చేత విచారణ చేయించింది. 1933లో వాళ్ళ రిపోర్టు వచ్చింది. 1939 మోటారు వాహనాల చట్టంలో పర్మిట్లు గట్టిగా బిగించినదానికి ఈ పోటీ కూడా ఒక కారణం. అదే పోటీ మన తెలుగువాళ్ళకు దారి చూపింది. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి బస్సు నడిపి పైకొచ్చిన జి.డి. నాయుడుగారి పేరు మన ఇళ్ళలో తెలియని పిల్లవాడు ఉండడు. ఆయనంత కాకపోయినా, ఊరికొకడు ఏదో ఒక మోటారు కొని బతికినవాళ్ళే. మా తాత అట్లాంటివాడు.

షెవర్లే బండి మన దేశంలోకి ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. అది తెలియకపోతే సామాను ఎందుకు దొరకదో అర్థం కాదు. అమెరికా జనరల్ మోటార్స్ వాళ్ళు 1928లో బొంబాయి శివడీలో షెడ్డు పెట్టి, విడి భాగాలు ఓడల్లో తెప్పించి ఇక్కడ బిగించి అమ్మినారు. ఫోర్డు వాళ్ళు బొంబాయిలో, కలకత్తాలో, మన మద్రాసులో అదే పని చేసినారు. యుద్ధం అయిపోయినాక సైన్యం వదిలేసిన షెవర్లే, ఫోర్డు లారీలు వేలంలో వచ్చినాయి. డిస్పోజల్ లారీలు అనేవాళ్ళు. అందుకే ఒక తరం మెకానిక్కులకు షెవర్లే అంటే కళ్ళు మూసుకొని విప్పే బండి.

తర్వాత కథ మారింది. 1953లో టారిఫ్ కమిషన్, "ఇక్కడే తయారు చేసే ఏర్పాటు ఉన్నవాళ్ళే ఉండాలి, ఊరికే బిగించి అమ్మేవాళ్ళు వద్దు" అనే దారి పట్టింది. ప్రభుత్వం ఒప్పుకుంది. 1954లో జనరల్ మోటార్స్ శివడీ షెడ్డు మూసేసింది. ఫోర్డు వాళ్ళు కూడా వెళ్ళిపోయినారు. అదే 1954లో టాటా వాళ్ళు మెర్సిడెస్ లారీ మొదలుపెట్టినారు. మరుసటి ఏడు మద్రాసు ఎన్నూరులో అశోక్ లేలండ్ ఆ పేరుతో నిలబడింది. దేశానికి అది మంచిదే. ఈరోజు హోసూరులో మన పిల్లలు ఫ్యాక్టరీ బస్సెక్కి పనికి పోతున్నారంటే ఆ నిర్ణయానికి అందులో పాత్ర ఉంది. కానీ అప్పటికే రోడ్డు మీద ఉన్న షెవర్లే బండ్లు అనాథలైనాయి. 1957 నాటికి విదేశీ డబ్బుకు కరువొచ్చి దిగుమతి లైసెన్సులు ఇంకా బిగుసుకున్నాయి. బండి ఉంది, రోడ్డు ఉంది, సరుకు ఉంది. విరిగిన భాగానికి బదులు భాగం లేదు.

మా తాత ఆ బండిని 1955లో బెంగళూరులో సెకండ్ హ్యాండుగా కొన్నాడు. కంపెనీ వెళ్ళిపోయిన మరుసటి ఏడు. అందుకే చవకగా వచ్చింది. "పుట్టిల్లు లేని కోడల్ని తెచ్చినాడు" అని మా అవ్వ అనేదట. ఆ కోడలు తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరి కూరగాయలు బెంగళూరు మార్కెట్లో దించి, తిరుగు బాడుగకు ఎరువు మూటలు వేసుకొని వచ్చేది. ముగ్గురు అత్తల పెళ్ళిళ్ళు, మా నాయన చదువు ఆ బండి మీదనే జరిగినాయి. మా నాయన చదివి రైల్వేలో చేరి జోలార్‌పేటకు వచ్చేసినాడు. నేను అక్కడ రైల్వే క్వార్టర్సులో పెరిగి, తమిళ మీడియంలో చదివినాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే. కానీ అది వంటింటి తెలుగు. రాత రాదు, సేద్యం మాటలు రావు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

బండి నడవడం నిలిచిపోయి చాలా కాలమైంది. రెండేళ్ళ కింద మా తమ్ముడు ఇంజను బాగు చేయించినాడు. ఆరు సిలిండర్ల ఇంజను, దుమ్ము దులిపితే మళ్ళీ పలికింది. సంతోషంతో ఊరి చుట్టూ తిప్పినాము. మూడో రోజు వెనక నుంచి కుయ్ మని ఏడుపు. నాలుగో రోజు ఠక్ ఠక్. ఐదో రోజు ఇంజను తిరుగుతుంది, గేరు పడుతుంది, బండి కదలదు. విప్పి చూస్తే వెనక యాక్సిల్‌లో పినియన్ పళ్ళు మూడు విరిగి నూనెలో పడి ఉన్నాయి. ఆ విరిగిన ముక్కలు క్రౌన్ పళ్ళను కూడా తినేసినాయి.

తెలియనివాళ్ళకు ఒక మాట. ఇంజను నుంచి వచ్చే తిరుగుడు బండి పొడుగునా వస్తుంది. చక్రం తిరగాల్సింది దానికి అడ్డంగా. ఆ మలుపు తిప్పేవి రెండు గేర్లు. చిన్నది పినియన్, పెద్ద పళ్ళెంలాంటిది క్రౌన్. మా బండిలో పినియన్‌కు 9 పళ్ళు, క్రౌన్‌కు 37. పినియన్ నాలుగు చుట్లకు కొంచెం ఎక్కువ తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 36 పెట్టి ఉంటే లెక్క సులువు కదా, ఈ 37 ఏమిటని నేను మెకానిక్కును అడిగినాను. ఆయన నవ్వి చెప్పినాడు. 36 అయితే పినియన్‌లోని ఒక పన్ను ఎప్పుడూ క్రౌన్‌లోని అవే నాలుగు పళ్ళను కొడుతుంది, ఒకచోటే అరుగుతుంది. 37 అయితే ప్రతి పన్నూ ప్రతి పన్నునూ కలుస్తుంది. అరుగుడు అందరికీ సమానంగా పంచుకుంటాయి. మన సంఘం సభ్యత్వ రుసుము కూడా అట్లా పంచుకుంటే బాగుండు అనుకున్నాను.

ఇంకో సంగతి. ఈ రెండు గేర్లూ జతగానే పుడతాయి. ఫ్యాక్టరీలో రెండింటినీ కలిపి నూరి, ఒకే నంబరు చెక్కుతారు. ఒకచోట పినియన్, ఇంకోచోట క్రౌన్ కొని కలిపితే ఏడుపు ఆగదు. మా గూడ్స్ ఆఫీసులో రైల్వే రసీదు నంబరూ వే బిల్లు నంబరూ కలవకపోతే సరుకు వదలము. ఇదీ అంతే. పైగా ఈ మోడల్ అరటన్ను బండిలో ప్రొపెల్లర్ షాఫ్టు బయటకు కనపడదు. గేరుపెట్టె నుంచి యాక్సిల్ దాకా ఒక లావు గొట్టంలో దాగి ఉంటుంది. టార్క్ ట్యూబ్ అంటారు. 1955లో కొత్త మోడల్ రాగానే ఆ పద్ధతి వదిలేసినారు. కాబట్టి తర్వాతి బండి సామాను దీనికి రాదు, పెద్ద లారీ సామాను రాదు.

ఇవన్నీ నేను డబ్బు పోగొట్టుకున్నాక నేర్చుకున్నాను. మొదట బెంగళూరు జె.సి. రోడ్డు అంగళ్ళు తిరిగినాను. "శాంపిల్ తెండి సార్" అన్నారు. ఆ ఇనుము మోసుకొని బస్సెక్కడం కష్టమని కాగితం మీద "షెవర్లే, క్రౌన్ 37" అని రాసుకొని మద్రాసు పుదుప్పేటకు పోయినాను. గుమాస్తా బుద్ధి, కాగితం ఉంటే చాలనుకున్నాను. కూవం పక్కన ఆ సందుల్లో విప్పని బండి లేదు. ఒక అంగట్లో గ్రీజు కాగితంలో చుట్టిన జత చూపించినారు. క్రౌన్ పళ్ళు లెక్కపెట్టినాను, 37. పదహారు వేలు ఇచ్చి తెచ్చినాను. ఇంట్లో విప్పితే మెకానిక్కు పినియన్ లెక్కపెట్టినాడు. 6. అది ఒకటిన్నర టన్ను లారీది. హౌసింగులో దూరను కూడా దూరదు. అంగడివాడి తప్పు లేదు. 37 అని అడిగింది నేను, 37 ఇచ్చింది ఆయన. రెండో అంకె రాసుకోనిది నేను.

అమెరికాలో ఈ బండ్లకు ఇప్పటికీ కొత్త గేర్లు చేసి అమ్మేవాళ్ళున్నారు. ధర, ఓడ కిరాయి, సుంకం కలిపి చూస్తే మా తమ్ముడి ముఖం వాడిపోయింది. ఇంతలో హైవే మీద హోటల్ పెట్టేవాళ్ళొకరు వచ్చి, "బండి కదలకపోయినా పరవాలేదు, ముందర బొమ్మగా నిలబెడతాము" అని మంచి ధర చెప్పినారు. ఇంట్లో సగం మంది సరే అన్నారు. మా చిన్నాయనకు ఎనభై నాలుగేళ్ళు. క్లీనరుగా ఆ బండిలో తిరిగినవాడు. ఆయన ఏమీ అనలేదు. అన్నం తినడం తగ్గించినాడు. ఉగాది దాకా గడువు ఇవ్వమని నేను అడిగినాను.

ఇక లెక్కల పుస్తకం. తాత పుస్తకాలు ఒక ట్రంకు పెట్టె నిండా ఉండేవి. ఇప్పుడు మీకు ఒక తప్పు ఒప్పుకోవాలి. నాయన పోయినాక, 1994లో, ఆ పెట్టె నా దగ్గరికి వచ్చింది. అన్నీ తెలుగు రాత. ఇంట్లో ఎవరికీ చదవను రాదు. జోలార్‌పేట క్వార్టర్సులో చోటు లేదని పాత పేపర్లవాడికి తూకానికి వేసినాను. అట్ట బాగుందని మా ఆవిడ ఒక్క పుస్తకం ఆపింది, పాల లెక్క రాసుకోవచ్చని. ఆ ఒక్కటే మిగిలింది.

రిటైరైనాక మన సంఘం ఆదివారం తరగతిలో నేను అక్షరాలు దిద్దుకున్న సంగతి మీకు తెలుసు. అప్పటినుంచి ఆ పుస్తకం కూడబలుక్కొని చదువుతూ ఉన్నాను. అందులో ఒక పద్దు మీద నా వేలు ఇంతకుముందే ఒకసారి ఆగింది. "షెవర్లే వెనక ఇరుసు ౧, బావగారికి అరువు." ఇరుసు అంటే ఏమిటో నాకు తెలియదు. అరుగో, అరుసో, ఏదో ధాన్యం అనుకొని దాటేసినాను. యాక్సిల్‌ను మా బళ్ళో అచ్చు అని నేర్పినారు. తెలుగులో అచ్చు అంటే అక్షరాలు! పక్కన ఉన్న అంకెలు ఏ సంవత్సరమో కూడా తెలియలేదు, ఎందుకంటే తరగతిలో అక్షరాలు నేర్పినారు గానీ తెలుగు అంకెలు నేర్పలేదు.

ఒక సాయంత్రం చిన్నాయనకు పొద్దుపోవడానికి ఆ పుస్తకం పైకి చదువుతూ ఆ మాట దగ్గరికి వచ్చినాను. "ఇరుసు అంటే ఏంది చిన్నాయనా?" అన్నాను. ఆయన నన్ను అదోలా చూసినాడు. "ఏమిరా, ఇరుసు తెలీదా? బండికి రెండు చక్రాల నడమ ఉండేది ఏంది? ఆర్నెల్లుగా నువ్వు ఊరూరా ఎతుకుతా ఉండేది అదే గదరా!"

నాకు ఒళ్ళు జలదరించింది. అంకెలు ఆయనే చదివినాడు. ౧౯౬౪. అంటే 1964. అప్పుడు ముందు భాగం గుద్దుకొని పాడైన ఇంకో షెవర్లే పికప్‌ను తాత ఇంజను కోసం కొన్నాడట. వెనక ఇరుసును బాగలూరు పక్కన తోటలో ఉండే తన బావమరిదికి ట్రెయిలర్ చేసుకోమని ఇచ్చినాడు. "వాళ్ళు దాన్ని మింగేసినారు. తిరిగి ఇయ్యలే. అందుకే నేను ఆ గడప తొక్కలే" అన్నాడు చిన్నాయన. రెండు ఇళ్ళ మధ్య మాటలు సరిగా లేవని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. దేనికని ఎవరూ చెప్పలేదు.

రాత్రి కూర్చొని, అంకెలు పక్కన కాగితం మీద రాసిపెట్టుకొని, మిగతా పుస్తకం అంతా చదివినాను. ౧౯౬౬ పద్దుల్లో దొరికింది. "ఇరుసు బాకీకి రాగులు ౪ మూటలు జమ. చెల్లు." చెల్లు అంటే తీరిపోయింది. తాత చేతిరాత. వాళ్ళు మింగలేదు. నాలుగు మూటల రాగులు ఇచ్చి తీర్చేసినారు. అప్పుడు చిన్నాయన కర్ణాటకలో పనిమీద ఉన్నాడు, తెలియలేదు. యాభై ఏళ్ళ పైన ఒక గడప తొక్కకుండా ఉన్నాడు, పుస్తకంలో ఒక్క మాట ఎవరూ చదవక.

పొద్దున్నే ఆయనకు చదివి వినిపించినాను. చాలాసేపు పలకలేదు. తర్వాత "కారు మాట్లాడు. నేనూ వస్తా" అన్నాడు.

బాగలూరు తోటలో ఇప్పుడు ఉండేది తాత బావమరిది కొడుకు. నాకు మామ వరస, డెబ్బై దాటినవాడు. చిన్నాయనను చూసి మొదట గుర్తుపట్టలేదు. పట్టినాక మాట రాలేదు. ఇద్దరూ అరుగు మీద కూర్చొని ఎదుటి చింతచెట్టును చూస్తూ ఉన్నారు. నేను పుస్తకం తీసి ఆ రెండు పద్దులు చదివినాను. మామ అన్నాడు, "మా నాయన సచ్చేదాకా చెప్పినాడు, రాగులిచ్చినాం అని. మీరు నమ్మరని మేము నోరు ఎత్తలే."

ట్రెయిలర్ కొట్టం వెనక ఉంది. ఆరు బోల్టుల చక్రాలు, మా బండికున్నట్టే. టార్క్ ట్యూబును రంపంతో కోసి మూత వెల్డింగు పెట్టినారు, అందువల్ల లోపలికి నీళ్ళు, మట్టి పోలేదు. పశువుల పండగకు ట్రెయిలర్ కడిగి ఇరుసులో నూనె చూడటం వాళ్ళ ఇంటి అలవాటట. ట్రెయిలర్ కింద క్రౌన్, పినియన్ ఊరికే తిరుగుతాయి, ఇంజను బరువు వాటి మీద పడదు. మెకానిక్కు వెనక మూత విప్పి గుడ్డతో తుడిచినాడు. నేను రెండు అంకెలూ లెక్కపెట్టినాను, ఈసారి మర్చిపోలేదు. 37. 9. పక్కన జత నంబరు రెండింటి మీదా ఒకటే. పళ్ళు అరగలేదు.

నేను ధర అడిగినాను. మామకు కోపం వచ్చింది. "చెల్లు అని మీ తాత రాసినాక మళ్ళీ లెక్కేంది? నా ట్రెయిలర్ నిలిచిపోకుండా వేరే ఇరుసు వేయించు, చాలు" అన్నాడు. ట్రెయిలర్‌కు కొత్త యాక్సిల్ రెడీగా దొరుకుతుంది. పుదుప్పేట గేర్లకు పోసినంత కూడా కాలేదు.

బిగించడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ రకం యాక్సిల్‌లో చక్రాల షాఫ్టులను లోపలి కొసన సి ఆకారం బిళ్ళలు పట్టి ఉంచుతాయి. అవి తీస్తేనే షాఫ్టులు బయటికి వస్తాయి. గేర్ల మధ్య ఖాళీ అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో చూడాలి. పళ్ళకు రంగు పూసి తిప్పి, ఆ మచ్చ పన్ను నడుమ పడుతుందా, కొసకు పోతుందా అని చూస్తారు. నడుమ పడేదాకా సన్న రేకులు మారుస్తూ ఉండాలి. బేరింగులు, ఆయిల్ సీలు కొలత చూసి బయట కొన్నాము, అవి దొరికినాయి. దొరకనిది ఆ జత ఒక్కటే. అది పన్నెండు మైళ్ళ దూరంలో, మన చుట్టాల తోటలో, యాభై ఎనిమిదేళ్ళుగా తిరుగుతూ ఉంది.

ఉగాది రోజు బండి బయలుదేరింది. ఏడుపు లేదు. ముందు సీట్లో చిన్నాయన, పక్కన మామ, వాళ్ళిద్దరి మధ్య మామ మనవరాలు. వెనక తొట్టిలో మేము. హోటలువాళ్ళకు ఫోన్ చేసి లేదని చెప్పేసినాము. చిన్నాయన ఇప్పుడు అన్నం బాగానే తింటున్నాడు.

ధర్మపురి అక్కా, మీ ప్రశ్నకు జవాబు ఇది. రైలు పోయినాక మన సరుకు ఇట్లాంటి బండ్ల మీద, ఇట్లాంటి అరువుల మీద పోయింది. కంపెనీ దేశం వదిలినాక సామాను ఫ్యాక్టరీ నుంచి రాలేదు. ఒకరి ఇంటి నుంచి ఇంకొకరి ఇంటికి వచ్చింది. ఆ లెక్క ఎక్కడా అచ్చు కాలేదు. తాతల పుస్తకాల్లో మాత్రమే ఉంది.

అందుకే సభ్యులకు మూడు విన్నపాలు. ఒకటి, అటక మీద తెలుగు లెక్కల పుస్తకాలు ఉంటే తూకానికి వేయకండి. చదవను రాకపోతే పేజీలు ఫోటో తీసి నాకు పంపండి, నిదానంగా చదివిపెడతాను. రెండు, మన ఆదివారం తరగతిలో తెలుగు అంకెలు కూడా నేర్పాలి. మూడు, ఇరుసు, కాడి, కడచీల, మోకు లాంటి సేద్యం మాటలు పెద్దవాళ్ళు ఉన్నప్పుడే రాసిపెట్టుకోవాలి. నేను పాత పేపర్లవాడికి వేసిన ఆ పెట్టెలో ఎన్ని చెల్లులు పోయినాయో, ఎవరి గడప ఎవరు తొక్కకుండా ఉన్నారో, ఇక తెలుసుకునే దారి లేదు.

నా తెలుగులో తప్పులుంటే దిద్దండి. అన్నట్టు, ఒకటిన్నర టన్ను షెవర్లే లారీ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. 37కు 6 జత ఒకటి మా ఇంట్లో గ్రీజు కాగితంలో భద్రంగా ఉంది. అరువుగానే ఇస్తాను. పద్దు మాత్రం తెలుగులో రాసుకుంటాను.